స్నో బ్లోయర్‌తో సహా

శాంటా క్లారా
నవంబరు 16

ఉమామహేశ్వరానికి,

మేం ఇక్కడికి చేరిన నాలుగో రోజునే ఉజ్వలకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. పిల్లకి ముక్కు మా దమయంతిది, గొంతు మాత్రం నాది అంటున్నారు.

గొంతంటే గుర్తొచ్చింది. పక్కింటాయన ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాశాడేమిటా అనుకుంటావు. మా అమ్మాయి ఇంట్లో ఇప్పుడు ఫోన్ మాట్లాడ్డం నిషేధం. మొన్న నీకు ఫోన్ చేద్దామని గరాజ్‌లోకి వెళ్లి, కార్లో కూర్చుని, అద్దాలు ఎక్కించుకుని మెల్లగా "హలో" అన్నాను. మేడమీద పిల్ల లేచింది. పోనీ వాట్సాప్ పెడదామా అంటే, నా మెసేజీలన్నీ హాల్లో ఉన్న ఐప్యాడ్‌లో కూడా కనబడతాయి. దమయంతి వాటిని పైకి చదువుతుంది. కాబట్టి స్టాంపులు కొన్నాను.

అసలు విషయానికొస్తాను. మా గరాజ్ తాళంచెవి లలిత దగ్గర ఉంది. స్నో బ్లోయర్ కుడి గోడ పక్కన దుప్పటి కింద ఉంటుంది. ఎప్పటిలాగే మన రెండిళ్ల డ్రైవ్‌వేల మీద పడే మంచు దాంతోనే తియ్యి. ఈసారి నేను పక్కన నిలబడి చెప్పను, అంతే తేడా. పదిహేడేళ్ల మిషను. ముందున్న ఇనుప పళ్ల చుట్ట మంచుని లోపలికి లాక్కుంటుంది, వెనకున్న పంకా దాన్ని గొట్టంలోంచి పన్నెండు అడుగుల దూరం విసురుతుంది. పన్నెండు చాలు. ముప్పై ఏళ్లు ఇన్సూరెన్స్ క్లెయిములు చూసినవాణ్ణి. బాగా పనిచేస్తున్నదాన్ని ఇంకా బాగుచెయ్యబోయి దెబ్బలు తిన్నవాళ్ల కాగితాలే నా బల్లమీద ఎక్కువ.

దేన్నీ మార్చకు. ఫిబ్రవరి నెలాఖరుకి వచ్చేస్తాం.

రాజారావు

*

పిస్కాటవే
డిసెంబరు 8

అన్నగారికి,

మనవరాలు పుట్టిందని తెలిసి లలితా నేనూ ఎంతో సంతోషించాం. బాలింతకని లలిత సున్నుండలు చేసి పార్శిల్ పంపింది. డబ్బా వదినగారి చేతికి ఇవ్వండి. మీకు షుగర్.

శుక్రవారం ఈ ఏటి మొదటి మంచు పడింది, మూడు అంగుళాలు. మీ మిషను రెండో లాగుడుకే స్టార్ట్ అయింది. మీ వైపూ మా వైపూ అరగంటలో అయిపోయింది. పక్కన "ఎడమకి, ఎడమకి" అని అరిచే మనిషి లేకపోయేసరికి రెండుసార్లు గడ్డిలోకి పోనిచ్చాను.

ఒక చిన్న సంగతి. మందుల కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్ వాణ్ణి కదా, ఏ మార్పు చేసినా కాగితం మీద పెట్టకపోతే నాకు అన్నం సహించదు. మిషను అడుగున రెండు ఇనుప పాదాలున్నాయి చూశారూ, అవి మీ డ్రైవ్‌వే మీద గీతలు పెడుతున్నాయి. వాటిని తీసేసి, కూరగాయలు కోసుకునే ప్లాస్టిక్ బోర్డుని రెండు ముక్కలు చేసి బిగించాను. ఇప్పుడు చప్పుడు లేకుండా జారుతోంది. ఇనుప పాదాలు కవర్లో పెట్టి, కవరు మీద తేదీ వేసి దాచాను.

మీ తమ్ముడు
ఉమామహేశ్వరరావు

*

శాంటా క్లారా
డిసెంబరు 15

ఉమామహేశ్వరం,

బోర్డు తీసెయ్యి.

నీకు రాయాల్సిన సంగతి ఇంకోటి ఉంది. నీ బోర్డు మూలంగా అది పక్కకి పోయింది. తర్వాత రాస్తాను.

ఇక్కడ నాకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా డ్యూటీ. పిల్లని ఎత్తుకుని, మేజోళ్లతో, కార్పెట్ మీద మాత్రమే నడవాలి. ఏడిస్తే ఏ నిమిషానికి ఏడ్చిందో ఫోన్లో నొక్కాలి. నిన్న నేను తుమ్మితే అది కూడా నొక్కారు. ఆకాశం రోజూ ఒకటే నీలం, పైనుంచి ఏమీ పడదు. కిటికీలోంచి చూస్తే పక్కింటివాళ్లు నిమ్మచెట్టుకి నీళ్లు పెడుతుంటారు. వాళ్లెవరో తెలియదు.

సున్నుండలు అందాయి. రెండే తిన్నాను.

రాజారావు

*

పిస్కాటవే
డిసెంబరు 29

అన్నగారికి,

బోర్డు తీసేద్దామనే మిషనుని పక్కకి పడుకోబెట్టాను. పడుకోబెట్టాక లోపలికి చూడకుండా ఉండగలనా? పంకా రెక్కలకీ చుట్టూ ఉన్న డబ్బాకీ మధ్య వేలు పట్టేంత సందు ఉందన్నగారూ! మంచు సగం ఆ సందులోంచే వెనక్కి జారిపోతోంది. అంటే పదిహేడేళ్లుగా మనం సగం మంచునే విసురుతున్నాం. రెక్కల చివర రబ్బరు ముక్కలు బిగిస్తే ఆ సందు మూసుకుపోతుంది. రబ్బరు కోసం ఇల్లంతా వెతికాను. లలిత ట్రెడ్‌మిల్ బెల్టు రెండు పొరలు వేస్తే సరిగ్గా సరిపోయింది. నాలుగేళ్లుగా ఆవిడ ఆ ట్రెడ్‌మిల్ మీద చీరలు ఆరేస్తోంది. అందుకని ఇంకా తెలియలేదు.

నిన్న ఎనిమిది అంగుళాలు పడింది. గొట్టం వీధి వైపు తిప్పి లివర్ నొక్కాను. మంచు వీధి దాటేసింది. తర్వాత టేపు పెట్టి కొలిస్తే నలభై ఒక్క అడుగులు. నలభై ఒకటో అడుగులో హనుమయ్య గారు నిలబడి ఎదురింటి ముందు తన కారు దులుపుకుంటున్నారు. నేను అరిచేలోపే నడుందాకా కూరుకుపోయారు.

పరిగెత్తుకెళ్లి, "సారీ హనుమయ్య గారూ, చూసుకోలేదండీ" అన్నాను.

ఆయన టోపీ తీసి దులుపుకున్నారు. మా ఇంటి వైపు చూశారు, మళ్లీ తన కాళ్ల వైపు చూసుకున్నారు.

"అక్కణ్ణించే?" అన్నారు.

"నలభై ఒక్క అడుగులండీ."

"మరి మా డ్రైవ్‌వే కూడా తీసిపెడతావా? అవతలి వైపుకి విసిరెయ్, నాకేం అభ్యంతరం లేదు."

తీసిపెట్టాను. అవతలి వైపు ఎవరుంటారో మా ఇద్దరికీ తెలియదు. ఇంతవరకూ ఎవరూ అడగడానికి రాలేదు.

మీ తమ్ముడు
ఉమామహేశ్వరరావు

*

శాంటా క్లారా
జనవరి 6

ఉమామహేశ్వరం,

నీ ఉత్తరం బాత్‌రూంలో తలుపేసుకుని మూడుసార్లు చదివాను. ఈ ఇంట్లో కోపం తెచ్చుకోవడానికి వేరే చోటు లేదు.

హనుమయ్యకి డెబ్భై రెండేళ్లు. ఆయన నడుముకి ఏమైనా అయి ఉంటే క్లెయిమ్ ఫారంలో ఏం రాసేవాళ్లు? పక్కవాడి వాతావరణం వచ్చి మీద పడిందని రాయడానికి అందులో గడి లేదు. మిషను నాది, బాధ్యత నాది. మొత్తం యథాస్థితికి తీసుకురా. ప్రతి ముక్కా. లలితకి బెల్టు సంగతి నువ్వే చెప్పు, లేకపోతే నేను రాస్తాను.

ఇంకొకటి. ఈ వారంలో రేణు అని ఒకావిడ మా ఇంటికి వస్తుంది. హీటర్ చూడ్డానికి. తాళం ఇవ్వు. ఎక్కువ మాట్లాడించకు, పనిమీద వచ్చే మనిషి.

మా రాక ఏప్రిల్‌కి జరిగేట్టుంది. పిల్లకి ఇంకా మెడ నిలబడలేదు.

రాజారావు

*

పిస్కాటవే
జనవరి 20

అన్నగారికి,

యథాస్థితికి తెద్దామనే మొదలుపెట్టాను. కానీ రబ్బరు వేశాక పాత ఇంజనుకి ఆయాసం పట్టుకుంది. ఆ స్థితిలో దాన్ని వదిలేయడం నాకు న్యాయం అనిపించలేదు. ఎవరో అమ్ముతుంటే గో-కార్ట్ అనే చిట్టి రేసు కారు ఇంజను ఒకటి తెచ్చి బిగించాను. మీ ఇంజను శుభ్రంగా తుడిచి, కవరు కట్టి, తేదీ వేసి పెట్టాను. గొట్టం చేత్తో తిప్పాల్సిన పని కూడా ఇప్పుడు లేదు. పాత కారు వైపర్ మోటారు పెట్టాను. స్విచ్ నొక్కితే తిరుగుతుంది.

లలితకి చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి మిషను నడిపి చూసింది. హ్యాండిల్ పట్టుకుంటే చేతులు కొంకర్లు పోతున్నాయని, కారు సీటు వేడిచేసే తీగలు తెప్పించి దానికి చుట్టించింది. ఆ మార్పు పూర్తిగా ఆవిడది. దయచేసి నా ఖాతాలో వెయ్యకండి.

రేణు గారు వచ్చారు. హీటర్ ఉన్న గది తప్ప మిగతా గదులన్నీ ఫోటోలు తీశారు. అల్మారాలు కొలిచారు. పెరట్లో నిలబడి ఎండ ఎటునుంచి వస్తుందని అడిగారు. "వీళ్లది ఏ రకం హీటర్ల కంపెనీ అన్నగారూ?" అని అడుగుదామని ఫోన్ తీశాను. పిల్ల నిద్రపోతూ ఉంటుందేమోనని పెట్టేశాను.

మీ తమ్ముడు
ఉమామహేశ్వరరావు

*

పిస్కాటవే
ఫిబ్రవరి 3

శ్రీ రాజారావు గారికి,

విషయం: ఆదివారం మీ ఇంటి దగ్గర జరిగిన సంఘటనపై నివేదిక.

శనివారం పడిన మంచు పందొమ్మిది అంగుళాలు. ఆదివారం ఉదయం పదింటికి రేణు గారు మీ ఇంటి ముందు మంచులో ఒక బోర్డు పాతారు. ఇల్లు అమ్మకానికి ఉందని దాని మీద రాసి ఉంది. పదకొండింటికి ఇల్లు చూడ్డానికి నాలుగు కుటుంబాలు వచ్చి లోపలికి వెళ్లాయి. ఆ సమయంలో నేను రేణు గారి కోరిక మీద మీ డ్రైవ్‌వే తీస్తున్నాను.

గొట్టం తిప్పే వైపర్ మోటారు అదుపు తప్పి, కారు మీద ఉన్నప్పుడు చేసే పనే చెయ్యడం మొదలుపెట్టింది. గొట్టం అటూ ఇటూ ఊగింది. ఎడమకి ఊగినప్పుడు మంచు మా గడ్డి మీద, కుడికి ఊగినప్పుడు మీ వరండాలో పడింది. పది నిమిషాల్లో మీ వీధి తలుపు కనబడకుండా పోయింది. పెరటి తలుపుకి అప్పటికే గాలికి మంచు మేట వేసింది. రేణు గారితో కలిపి పదిహేను మంది గంటన్నర సేపు లోపల ఉండిపోయారు. లలిత వంటింటి కిటికీలోంచి ఉప్మా, టీ అందించింది. ఒకాయన పల్లీ చట్నీ అడిగారు. అది కూడా ఇచ్చాం. తర్వాత అదే మిషనుతో ఆరు నిమిషాల్లో దారి చేశాను. గాయాలు ఎవరికీ లేవు.

మూలకారణం: వైపర్ మోటారు.

తీసుకున్న చర్య: మీ ఆజ్ఞ ప్రకారం, నేను పెట్టిన ప్రతి ముక్కా సోమవారం విప్పేశాను. మీ పాత ఇంజను, ఇనుప పాదాలతో సహా మిషను యథాస్థితిలో మీ గరాజ్‌లో దుప్పటి కింద ఉంది. తాళంచెవి రేణు గారికి ఇచ్చేశాను.

ఇట్లు
వి. ఉమామహేశ్వరరావు

*

శాంటా క్లారా
ఫిబ్రవరి 11

ఉమామహేశ్వరరావు గారికి,

మీ నివేదిక అందింది. దానిలోని కొన్ని విషయాల గురించి విడిగా రాస్తాను. ప్రస్తుతం ఒక అత్యవసరమైన సంగతి ఉంది.

ఆ రోజు లోపల చిక్కుకున్నవాళ్లలో అవని అనే అమ్మాయి ఉంది. ఆష్‌బర్న్ నుంచి మీ ఊరి ఆసుపత్రిలో ఉద్యోగానికి మారుతోంది. తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లాలి. మీరు దారి తీస్తున్నప్పుడు మేడమీద కిటికీలోంచి చూసిందట. ఇల్లు తను కొంటానంది. అయితే స్నో బ్లోయర్‌తో సహా ఇవ్వాలట. ఆ షరతు కాగితం మీద రాసి పంపింది.

మొన్న శుక్రవారం వచ్చి రేణు చేత మిషను స్టార్ట్ చేయించి చూసింది. అది పన్నెండు అడుగులు విసిరింది. "ఇది ఆ మిషన్ కాదు ఆంటీ" అని వెళ్లిపోయింది.

కాబట్టి మిషనుని తిరిగి యథాస్థితికి తీసుకురావలసిందిగా కోరుతున్నాను. యథాస్థితి అంటే నేను వద్దన్న స్థితి. నేను ఈ వాక్యం రాయవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

రాజారావు

*

పిస్కాటవే
ఫిబ్రవరి 17

అన్నగారూ,

మీరు నన్ను 'గారు' అనడం ఇరవై రెండేళ్లలో ఇదే మొదటిసారి. లలితకి చూపించాను. "నువ్వు మాత్రం శ్రీ రాజారావు గారికి అని రాయలేదా?" అంది.

నివేదికలో ఒకచోట తప్పు రాశాను. మోటారు ఊగిన మాట నిజమే. స్విచ్ నా చేతిలోనే ఉంది. ఆపలేదు. మూలకారణం నేను.

ఆ బోర్డు చూసేసరికి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. ఒకే మిషనుతో రెండు డ్రైవ్‌వేలు తీసుకుంటున్నవాళ్లం. మీరు ఇల్లు అమ్ముతున్న సంగతి హీటర్ల ఆవిడ బోర్డు పాతి నాకు చెప్పాలా? చూడ్డానికి వచ్చేవాళ్లు లోపలికి పోకుండా చెయ్యాలనుకున్నాను. అప్పటికే వెళ్లిపోయారు కాబట్టి బయటికి రాకుండా అయింది.

ఇంజను నాది. మోటారు నాది. బెల్టు, చేతులు వేడిచేసే తీగలు లలితవి. ఏవీ అమ్మం. పన్నెండు అడుగుల మిషను మీది, అది మీ ఇష్టం.

ఉమామహేశ్వరరావు

*

శాంటా క్లారా
ఫిబ్రవరి 24

ఉమామహేశ్వరం,

ఈ కవర్లో ఇంకో కవరు ఉంది, చూడు. దాని మీద నీ అడ్రసు, స్టాంపు ఉన్నాయి. డిసెంబరు 11న రాసి అంటించాను. ఇల్లు అమ్మేస్తున్నామనీ, ఇక ఇక్కడే ఉండిపోతామనీ అందులో ఉంది. మార్చిలో ఉజ్వల మళ్లీ ఆఫీస్‌కి వెళ్లాలి. దమయంతి మోకాళ్లకి మన మెట్లు పడవు, ఈ పిల్లని వదిలి రావాలనీ తనకి లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు.

అది పోస్ట్ చెయ్యబోతుంటే నీ బోర్డు ఉత్తరం వచ్చింది. దానికి ముందు జవాబు రాయాలి కదా అని ఆగాను. తర్వాత రబ్బరు, తర్వాత హనుమయ్య, తర్వాత ఇంజను. ప్రతిసారీ కోపం వచ్చేది. ఒట్టు, నిజమైన కోపమే. కానీ ఆ కోపం కోసం పోస్ట్ వచ్చే వేళకి గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఇల్లు అమ్ముతున్నానని రాస్తే నువ్వు ఇంక మిషను సంగతులు రాయవు. అది తట్టుకోలేక హీటర్ అని అబద్ధం రాశాను. ఎంత చిల్లర అబద్ధమో నాకే సిగ్గుగా ఉంది.

ఇంజను ఇవ్వద్దు. అవని కాకపోతే ఇంకొకరు కొంటారు. ఎవరు కొన్నా ముందుగా పెట్టాల్సిన సంతకాలున్నాయట, మార్చి 9న వాటి కోసం నేనొక్కణ్ణే వస్తున్నాను. ఇంట్లో సామానంతా తీసేశారట, ఎక్కడో హోటల్లో దిగుతాను. ఒక్కటే కోరిక. అది నలభై అడుగులు విసరడం నేను చూడలేదు.

రాజారావు

*

పిస్కాటవే
మార్చి 2

అన్నగారికి,

హోటల్ మాట లలిత వినకముందే ఆ కాగితం మడిచేశాను. ఎయిర్‌పోర్టుకి నేనొస్తున్నాను. మా కింద గదిలో పక్క వేసి ఉంది.

అవని ఫోన్ చేసింది. "అంకుల్, మిషన్ ఇచ్చినా నాకు నడపడం రాదు కదా. మీరే నడుపుతారని కాంట్రాక్ట్‌లో రాయించొచ్చా?" అంది. వాళ్ల లాయరు కుదరదన్నాడట. ఇంటితో పాటు ఇచ్చే ఫ్రిజ్జూ పొయ్యీ జాబితాలో పక్కింటాయన పేరు రాయకూడదట. అందుకని నోటిమాటగా ఒప్పుకున్నాను. మిషను ఇంటితో పోతుంది, నేను మిషనుతో పోతాను. నిన్న రేణు గారి దగ్గర తాళం తీసుకుని ఇంజను మళ్లీ ఎక్కించాను. లలిత దగ్గరుండి బెల్టు బిగించింది.

ఒకటే చిక్కు. ఇవాళ ఎండ కాసింది, అరవై డిగ్రీల ఫారెన్‌హీట్. మంచంతా కరిగిపోయింది.

మీ తమ్ముడు
ఉమామహేశ్వరరావు

*

శాంటా క్లారా
మార్చి 19

తమ్ముడూ,

క్షేమంగా చేరాను. లలిత ఇచ్చిన కందిపొడి సీసాని ఎయిర్‌పోర్టులో రెండుసార్లు వాసన చూసి ఇచ్చేశారు.

దమయంతికి అన్నీ చెప్పాను. సంతకాల సంగతి రెండు ముక్కల్లో అయిపోయింది. షాపింగ్ సెంటర్ సంగతి చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. మంచు లేని ఊళ్లో, చొక్కా చేతులు మడుచుకుని, ఇద్దరు ముసలివాళ్లు స్నో బ్లోయర్ నడిపించుకుంటూ అరమైలు వెళ్లారంటే ముందు నమ్మలేదు. ఆ పార్కింగ్ లాట్ చివర, శీతాకాలమంతా ఎత్తిపోసిన మంచు బస్సంత గుట్టగా ఇంకా మిగిలి ఉందనీ, నల్లగా, చెత్తతో నిండి ఉందనీ చెబితే, "దాని కోసం వెళ్లారా?" అంది.

నువ్వు హ్యాండిల్ నా చేతికి ఇచ్చావు. వెచ్చగా ఉంది. లివర్ నొక్కాను. ఆ నల్లమంచు లేచి, దీపస్తంభం మీదుగా వెళ్లి, ఎక్కడో అవతల పడింది. నేను ఏమని అరిచానో నాకు గుర్తులేదు. నువ్వు "ఎడమకి, ఎడమకి" అంటున్నావు. నాకు వినిపిస్తూనే ఉంది, కావాలనే కుడికి తిప్పాను. గుట్టలోంచి షాపింగ్ కార్ట్ బయటపడి, మిషను పళ్లకి చిక్కుకుని, అంతా ఆగిపోయేదాకా వదల్లేదు.

ఇక్కడిదాకా నీకూ తెలుసు. నీకు తెలియనిది ఒకటుంది.

పసుపు లైటు కార్లో సెక్యూరిటీ గార్డు వచ్చాడు. నువ్వు వంగి కార్ట్ ఊడదీస్తున్నావు. ఆ మనిషి నిన్ను చూసి, నన్ను చూసి, "హౌ ఫార్ డజ్ ఇట్ త్రో?" అన్నాడు. నువ్వు చెప్పావు. కార్ట్ ఊడొచ్చాక తనూ ఒకసారి నడిపి చూశాడు. రెండోసారి కూడా. ఆ తర్వాత పాపం డ్యూటీ గుర్తొచ్చి, రిపోర్ట్ రాయక తప్పదని ఫారం తీశాడు. పేర్లు రాశాడు. మనిద్దరం ఒకరికొకరం ఏమవుతామని అడిగాడు.

నువ్వు మిషను తుడుస్తూ, తల ఎత్తకుండా, "బ్రదర్స్" అన్నావు.

అతను మన లైసెన్సులు పక్కపక్కన పెట్టి చూశాడు. ఇంటిపేర్లు వేరు. "సేమ్ మదర్?" అన్నాడు. నువ్వు అప్పటికే చక్రంలో ఇరుక్కున్న తీగ లాగడానికి అటు వెళ్లిపోయావు. కాబట్టి ఆ ప్రశ్న నీకు వినబడలేదు. నాకు వినబడింది.

ఫారం నా చేతికి ఇచ్చాడు. పైన రాసినదంతా నిజమని ధ్రువీకరిస్తున్నాను అని కింద అచ్చేసి ఉంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తప్పున్న కాగితం మీద ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. ఒక్క అక్షరం తేడా ఉన్నా తిప్పి పంపేవాణ్ణి.

కళ్లజోడు తుడుచుకుని, "బ్రదర్స్" అని రాసిన గడి ఇంకోసారి చదివాను. "యెస్, సేమ్ మదర్" అని చెప్పి సంతకం పెట్టాను.

రాజారావు